వేట తుపాకీకి పాస్‌పోర్టు ఎవరిస్తారు?

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు అంచున ఇంటర్నేషనల్ ఫాల్స్ అనే చిన్న పట్నం ఉంది. పక్కనే రెయినీ నది. నది మీద వంతెన దాటితే కెనడాలోని ఒంటారియో ప్రావిన్సు, ఫోర్ట్ ఫ్రాన్సిస్ ఊరు. వేట కాలంలో ఈ దారిన పోయే పికప్ ట్రక్కుల్లో చలికోట్లు, ఐసు పెట్టెలు, పడిన బాతుల్ని ఏరుకొచ్చే కుక్కలు, వాటితోపాటు తాళం వేసిన పెట్టెల్లో రైఫిళ్లు ఉంటాయి. వంతెన దాటడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆ కొన్ని నిమిషాల్లో రైఫిల్‌లో మర మేకు కూడా కదలదు. చట్టం దృష్టిలో మాత్రం అది పూర్తిగా మరో వస్తువైపోతుంది.

ఈ చిక్కు అర్థం కావాలంటే మన అలవాటు నుంచి మొదలుపెట్టాలి. మన దగ్గర తుపాకీ ఉన్నవారికి లైసెన్సు ఉంటుంది, దాని మీద ఆ తుపాకీ రకం, నంబరు ఉంటాయి. ఎన్నికల ప్రకటన వస్తే చాలామంది ఆ తుపాకీని పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకుంటారు. మనిషి, తుపాకీ, కాగితం మూడూ ఒకే తాడుకు కట్టి ఉంటాయి. అమెరికాలో ఆ తాడు లేదు. చాలా రాష్ట్రాల్లో మామూలు వేట రైఫిల్ కొనడానికి లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో ఒక ఫారం నింపి, నేరచరిత్ర తనిఖీ పూర్తయితే తుపాకీ చేతికొస్తుంది. తాతగారు వదిలి వెళ్లిన పాత రైఫిల్‌కైతే చాలా చోట్ల ఆ ఫారం కూడా ఉండదు. తుపాకీ యజమానుల జాతీయ జాబితా ఏదీ తయారు చేయకూడదని 1986లో అక్కడి పార్లమెంటయిన కాంగ్రెసు చట్టమే చేసింది.

స్వదేశంలో ఇది స్వేచ్ఛ. సరిహద్దు దగ్గరకొచ్చేసరికి ఇదే ఇబ్బంది. అవతలి దేశపు అధికారి అడిగే మొదటి ప్రశ్న 'ఈ తుపాకీ నీదేనని ఏమిటి ఆధారం?' అనే. తిరుగు ప్రయాణంలో సొంత దేశపు కస్టమ్స్ అధికారి అడిగేదీ దాదాపు అదే: 'ఇది ఇక్కడి నుంచి తీసుకెళ్లిందా, అక్కడ కొన్నదా?'

ఈ ఖాళీని పూడుస్తున్న కాగితం చూస్తే నాకు నవ్వొస్తుంది. దాని పేరు ఫారం 4457. విదేశాలకు వెళ్లేవారు తమ వెంట ఉన్న ఖరీదైన కెమెరానో, చేతిగడియారాన్నో తిరిగొచ్చేటప్పుడు కొత్తగా కొన్న సరుకుగా లెక్కగట్టి సుంకం వేయకుండా ముందే నమోదు చేసుకునే కస్టమ్స్ ఫారం అది. ఒక్క పేజీ. తుపాకీని తూటాలు తీసేసి పెట్టెలో పెట్టి కస్టమ్స్ కార్యాలయానికి తీసుకెళ్తే, అధికారి దాని మీది సీరియల్ నంబరును ఫారంలో రాసినదానితో సరిపోల్చి ముద్ర వేస్తారు. అంతకుమించి ఆ కాగితం దేనికీ అనుమతి ఇవ్వదు. అయినా తుపాకీ లైసెన్సంటూ లేని దేశం నుంచి వచ్చే వేటగాళ్ల దగ్గర ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం మరొకటి లేదు కాబట్టి, దక్షిణాఫ్రికా వంటి దేశాలు దీన్నే యాజమాన్య పత్రంగా ఒప్పుకుంటున్నాయి. గడియారాల కోసం పుట్టిన ఫారం తుపాకీకి పాస్‌పోర్టయి కూర్చుంది.

అందులోనూ ఒక తమాషా ఉంది. ఫారం పైమూల చిన్న అక్షరాలతో ఒక గడువు తేదీ అచ్చయి ఉంటుంది. ఆ నమూనా ఫారాన్ని వాడుకునేందుకు అమెరికా ప్రభుత్వం తనకు తాను ఇచ్చుకున్న అంతర్గత అనుమతి గడువు అది, ప్రయాణికుడి నమోదుకు దానితో సంబంధం లేదు. ఆ సంగతి జోహానెస్‌బర్గ్ విమానాశ్రయంలో కూర్చున్న పోలీసుకు ఎవరు చెప్పాలి? తేదీ దాటిందంటే చెల్లదన్నట్టే ఆయన లెక్క. దక్షిణాఫ్రికా వెళ్లే వేటగాళ్లకు ఇది నిజంగానే తలనొప్పి అయింది. అనుభవజ్ఞులు ఇప్పుడు పాత ముద్ర ఉన్న ఫారం బీరువాలో ఉన్నా, బయలుదేరే ముందు కొత్త తేదీ ఉన్న ఫారం మీద మళ్లీ ముద్ర వేయించుకుంటారు.

యూరప్ వాళ్లు ఈ సమస్యను మరోలా పరిష్కరించుకున్నారు. యూరోపియన్ ఆయుధ పాస్ అని ఒకటుంది. నివసించే దేశం ఇస్తుంది, ఎవరి తుపాకులేమిటో అందులో నమోదై ఉంటాయి, గరిష్ఠంగా అయిదేళ్లు చెల్లుతుంది. జర్మనీ వేటగాడు దాన్ని, వేటకు వెళ్తున్నట్టు చూపే ఆహ్వానం లాంటి ఆధారాన్ని దగ్గర పెట్టుకుని పక్క దేశానికి వెళ్లగలడు. ప్రతి దేశంలోనూ లైసెన్సు పద్ధతి ఉంది కాబట్టి ఒకరి కాగితాన్ని ఇంకొకరు నమ్ముతున్నారు. అమెరికా, కెనడాల మధ్య లేనిది ఆ సమానత్వమే.

వంతెన అవతల

కెనడాలో తుపాకీ పెట్టుకోవడం హక్కు కాదు, లైసెన్సు మీద దొరికే అనుమతి. 1989 డిసెంబరు 6న మాంట్రియల్‌లోని ఇంజనీరింగ్ కళాశాలలో ఒకడు 14 మంది మహిళలను కాల్చి చంపాడు. ఆ గాయం నుంచి వచ్చిన ఒత్తిడే 1995 నాటి ఆయుధ చట్టానికి దారి తీసింది. పొడవు తుపాకుల నమోదును 2012లో ఎత్తేశారు గానీ, మనిషికి లైసెన్సు తప్పనిసరి అన్న నియమం అలాగే ఉంది. కెనడాలో నివసించని వేటగాడికి ఆ లైసెన్సు ఉండదు కదా. అందుకని 2001 నుంచి ఒక దారి పెట్టారు: సరిహద్దు దగ్గర ప్రకటన పత్రం ఇచ్చి, రుసుము కట్టి, అధికారి దాన్ని ధ్రువీకరిస్తే ఆ పత్రమే 60 రోజులపాటు తాత్కాలిక లైసెన్సుగా పనిచేస్తుంది. రుసుము 25 కెనడా డాలర్ల ప్రాంతంలో ఉంటుంది, ఎన్ని తుపాకులున్నా ఒకటే రుసుము. గడువు లోపల మళ్లీ మళ్లీ దాటవచ్చు. పొడిగింపు కావాలంటే గడువు ముగియకముందే ఆ ప్రావిన్సు ఆయుధ అధికారిని అడగాలి.

ఫారం ఇంట్లోనే నింపుకుని మూడు ప్రతులు తీసుకెళ్లాలి. సంతకం మాత్రం ముందే చేయకూడదు, అధికారి ఎదుటే చేయాలి. బుద్ధిమంతులే ఇక్కడ తప్పు చేస్తారు. పని అయిపోవాలన్న తొందరలో ఇంటి దగ్గరే సంతకం గీకేస్తారు, వంతెన మీద మళ్లీ మొదటి నుంచి రాయాల్సి వస్తుంది. 18 ఏళ్లు నిండనివారు ఈ పత్రం ఇవ్వలేరు. పదహారేళ్ల కొడుకును వేటకు తీసుకెళ్తే తుపాకీ తండ్రి పేరు మీదే ప్రకటించాలి, వాడే సమయంలో తండ్రి పక్కనే ఉండాలి.

ఈ సదుపాయమంతా ఒకే రకం తుపాకులకు. కెనడా చట్టం తుపాకులను మూడు తరగతులుగా విడదీస్తుంది. పరిమితి లేనివి అంటే మామూలు వేట రైఫిళ్లు, షాట్‌గన్లు. పరిమితి ఉన్నవి, ప్రధానంగా పిస్టళ్లు, రివాల్వర్లు. మూడోవి నిషిద్ధాలు. మొదటి తరగతికే వంతెన తేలిక. 2020 ఏప్రిల్‌లో నోవాస్కోషియాలో ఒక వ్యక్తి రెండు రోజుల్లో 22 మందిని చంపాడు. అతని తుపాకుల్లో కొన్ని అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి దొంగచాటుగా వచ్చినవి. రెండు వారాలు గడవకముందే, మే 1న, దాదాపు 1,500 నమూనాలను నిషేధిస్తూ ఉత్తర్వు వచ్చింది. అందులో ఏఆర్-15 అనే సెమీ ఆటోమేటిక్ (మీట నొక్కిన ప్రతిసారీ పేలి, తదుపరి తూటాను తానే నింపుకునే) రైఫిల్ ఉంది, మాంట్రియల్ హంతకుడు వాడిన మినీ-14 రైఫిల్ కూడా ఉంది. 2024 డిసెంబరులోనూ 2025 మార్చిలోనూ ఆ జాబితా మరింత పెరిగింది. అమెరికాలో ఏఆర్-15తో అడవిపందుల్ని వేటాడేవారు బోలెడంతమంది. వారికి అది పొలం పనిముట్టు లాంటిది. వంతెన అవతల దాన్ని చూపించడమంటే నేరం చేతిలో పట్టుకుని నిలబడడమే. పోయినేడు తీసుకెళ్లిన తుపాకీ ఈ ఏడు జాబితాలో చేరి ఉండవచ్చు. అందుకే బయలుదేరే వారంలో నమూనా పేరుతో సహా సరిచూసుకోవాలి.

ఎక్కువ తూటాలు పట్టే మ్యాగజైన్ల దగ్గరా ఇదే పేచీ. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో వేటకు వాడే శక్తివంతమైన రకాలకు అయిదు తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ అక్కడ నిషిద్ధ వస్తువు. రైఫిల్ మంచిదే, దానికి తగిలించిన చిన్న పెట్టె నేరం. తూటాల సంగతికొస్తే, వేట కోసం 200 వరకు సుంకం లేకుండా తీసుకెళ్లవచ్చు. అమెరికా వైపు ఎగుమతి నిబంధన వేరే ఉంది: సొంత సామానుగా మూడు తుపాకులు, వెయ్యి తూటాల వరకు ప్రత్యేక లైసెన్సు లేకుండా వెంట తీసుకెళ్లనిస్తుంది. రెండు దేశాల హద్దుల్లో ఏది చిన్నదో దాన్నే పట్టుకోవడం క్షేమం.

మరచిపోయిన పిస్టల్

అసలు ప్రమాదం వేట రైఫిల్ వల్ల రాదు. దాన్ని తెస్తున్నానని మనిషికి తెలుసు, కాగితాలు సిద్ధం చేసుకుంటాడు. ప్రమాదమంతా డాష్‌బోర్డు అరలో పడి ఉన్న పిస్టల్‌తో. అమెరికాలో ఆత్మరక్షణకని కారులో పిస్టల్ ఉంచుకోవడం చాలామందికి ఇంటి తాళంచెవి పెట్టుకున్నంత మామూలు. కెనడాలో ఆత్మరక్షణ అనేది తుపాకీ తేవడానికి కారణంగా చెల్లదు. వేటకు పిస్టల్ వాడడం కుదరదు. 2022 అక్టోబరు 21 నుంచి దేశంలో పిస్టళ్ల కొనుగోలు, అమ్మకం, బదిలీలను దాదాపుగా స్తంభింపజేశారు. 2023 డిసెంబరులో చట్టమైన సవరణ అక్రమంగా తుపాకీ దిగుమతి చేసుకునే నేరానికి గరిష్ఠ శిక్షను 10 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచింది.

మోంటానా నుంచి అలాస్కాకు రోడ్డు మార్గాన వెళ్లేవారిది మరీ విచిత్రమైన అవస్థ. రెండు చివరలా అమెరికాయే, మధ్యలో వేల కిలోమీటర్లు కెనడా. రైఫిల్‌కు ప్రకటన పత్రంతో దారి ఉంది. పిస్టల్‌ను మాత్రం లైసెన్సున్న డీలరు ద్వారా వేరే దారిలో అలాస్కా పంపుకోవాలి. ఎలుగుబంట్ల భయం ఉంటే వాటి కోసమే తయారైన మిరియపు స్ప్రే డబ్బా తీసుకెళ్లవచ్చు, డబ్బా మీద జంతువుల కోసమేనని రాసి ఉండాలి. మనుషుల మీద వాడే రకమైతే అది ఆయుధమే, నిషిద్ధం.

అధికారి ప్రశ్న సూటిగా ఉంటుంది: 'వాహనంలో ఆయుధాలేమైనా ఉన్నాయా?' గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఇక్కడ పనికొచ్చే విద్య. అనుమతి లేని తుపాకీనైనా ముందే చెప్పినవారికి సాధారణంగా వెనక్కి తిరిగే అవకాశం దొరుకుతుంది. లేదని చెప్పాక దొరికితే తుపాకీ పోతుంది, జరిమానా పడుతుంది, కేసు కూడా కావచ్చు.

దక్షిణాన మెక్సికో సరిహద్దులో ఈ పాటి వెసులుబాటు కూడా ఉండదు. అక్కడ సైనిక శాఖ నుంచి ముందే అనుమతి తెచ్చుకోకుండా ఒక్క తూటాతో అడుగుపెట్టినా జైలు ముప్పు ఉంది. 2014లో ఒక మాజీ అమెరికన్ మెరైన్ మూడు తుపాకులున్న వాహనంతో తిహువానాలోకి వెళ్లి అరెస్టయ్యాడు. దారి తప్పి మలుపు తిరిగానన్నాడు. బయటపడేసరికి ఏడు నెలలు గడిచాయి.

తుపాకీ గండం గట్టెక్కినా మనిషి ఆగిపోవచ్చు. పదేళ్ల కిందట మద్యం తాగి కారు నడిపి పట్టుబడ్డాడనుకుందాం. అమెరికాలో చాలా చోట్ల అది చిన్న నేరం. కెనడాలో 2018 డిసెంబరు నుంచి దానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు, అందువల్ల వలస చట్టంలో అది తీవ్ర నేరాల కోవలోకి చేరింది. ఇద్దరు మిత్రులు ఒకే ట్రక్కులో బయలుదేరితే, తుపాకీ కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాడే ఈ పాత కేసు కారణంగా వంతెన మీంచి వెనక్కి రావచ్చు.

ఇల్లు అలకగానే పండగ కాదు. తుపాకీతో లోపలికి రావచ్చు అన్నంత మాత్రాన వేటాడవచ్చని కాదు. వేట అనుమతి ప్రావిన్సుది. ఒంటారియోలో ముందు అవుట్‌డోర్స్ కార్డు, తరువాత జంతువును బట్టి లైసెన్సు. బ్రిటిష్ కొలంబియాలో విదేశీ వేటగాడు పెద్ద జంతువుల కోసం సాధారణంగా లైసెన్సున్న గైడును పెట్టుకోక తప్పదు. బాతులు, హంసబాతుల వంటి వలస పక్షులకైతే కేంద్ర ప్రభుత్వపు పర్మిట్, దాని మీద సంరక్షణ స్టాంపు కూడా కావాలి. ఈ తలనొప్పి అంతా ఎందుకనుకునేవారికి ఒక మంచి దారి ఉంది. సొంత తుపాకీ ఇంట్లో వదిలేసి, అక్కడి వేట శిబిరం వారి తుపాకీని తాత్కాలిక లైసెన్సుతో అరువు తెచ్చుకోవచ్చు. ముందుగా దరఖాస్తు చేయాలి, అంతే. ఏడాదికొకసారి వెళ్లేవారికి ఇదే సుఖమని నా అభిప్రాయం. కానీ తనకు అలవాటైన రైఫిల్ తప్ప మరొకటి ముట్టనివాడికి ఆ మాట చెప్పి ఒప్పించలేం.

తిరుగు ప్రయాణంలో అధికారులు తుపాకీ కన్నా మాంసం మీదే ఎక్కువ దృష్టి పెడతారు. అమెరికా వన్యప్రాణి శాఖ వారి ప్రకటన ఫారం ఉంటుంది. బాతును శుభ్రం చేసినా ఒక రెక్కను ఈకలతో సహా దానికే ఉంచాలి, ఏ జాతి పక్షో అధికారి గుర్తుపట్టాలి కాబట్టి. జింకలకు వచ్చే ఒక మెదడు వ్యాధి వ్యాపించకుండా, రోగం ఉన్న ప్రాంతాల నుంచి తలను, వెన్నెముకను తీసుకురానివ్వని రాష్ట్రాలు చాలా ఉన్నాయి. నల్ల ఎలుగు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉంది, దాని చర్మానికి వేరే నిబంధనలున్నాయి.

వీసా మీద ఉన్నవారికి

అమెరికాలోని తెలుగువారిలో సెలవు రోజుల్లో షూటింగ్ రేంజికి వెళ్లేవారు, సహోద్యోగులతో జింక వేటకు వెళ్లేవారు ఉన్నారు. వారికి ఈ చిక్కుముడిలో ఇంకొక పోగు ఉంది. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం. మినహాయింపుల్లో ప్రధానమైనది, అమెరికాలో చట్టబద్ధంగా ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండడం. దాని ఆధారంగానే కొందరు రైఫిల్ కొనుక్కుంటారు. ఇక్కడ జనం మరిచేదేమిటంటే, వేట లైసెన్సుకు గడువు ఉంటుంది. అది ముగిసిన మర్నాడు అల్మరాలోని రైఫిల్ నేరంగా మారవచ్చు. గరిష్ఠ శిక్షను 2022లో 10 ఏళ్ల నుంచి 15 ఏళ్లకు పెంచారు.

2019లో అమెరికా సుప్రీంకోర్టు ఎదుటకు వచ్చిన రెహాయిఫ్ కేసు ఇలాంటిదే. యూఏఈ నుంచి వచ్చిన విద్యార్థి. చదువులో తప్పి హోదా కోల్పోయాక ఫ్లోరిడాలో రేంజికి వెళ్లి కాల్చాడు. తన హోదా పోయిందని అతనికి తెలుసని కూడా ప్రభుత్వం రుజువు చేయాలని కోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు చదివి ధైర్యం తెచ్చుకోవడం కన్నా, కేసు అక్కడిదాకా వెళ్లడానికి పట్టిన ఏళ్లు లెక్కపెట్టడం మంచిది.

ఇప్పుడు హెచ్-1బి మీద ఉన్న మనిషి తన రైఫిల్‌తో ఒంటారియో వెళ్లాడనుకుందాం. భారతీయ పాస్‌పోర్టు కాబట్టి ముందు కెనడా వీసా కావాలి. (గ్రీన్ కార్డు ఉంటే అక్కర్లేదు, పాస్‌పోర్టుతోపాటు ఆ కార్డు చూపిస్తే చాలు. తుపాకీ విషయంలోనూ గ్రీన్ కార్డు ఉన్నవారిని కేంద్ర చట్టం పౌరుల్లాగే చూస్తుంది.) కెనడా ప్రకటన పత్రం అందరికీ ఒకటే. అసలు ముడి తిరుగు ప్రయాణంలో పడుతుంది. పౌరుడు తన తుపాకీని వెనక్కి తెచ్చుకుంటే ఫారం 4457 చూపించి వచ్చేస్తాడు. తాత్కాలిక వీసా ఉన్నవాడు తుపాకీతో అమెరికాలోకి రావడమంటే దిగుమతి. ఆయుధాల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ సంస్థ నుంచి 6ఎన్ఐఏ అనే అనుమతి ముందే చేతిలో ఉండాలి. మిన్నెసోటాలో జింక వేటకు వచ్చే కెనడా పౌరుడు నింపేదీ అదే ఫారం. రుసుము లేదు, కానీ రావడానికి వారాలు పడుతుంది. అంటే పక్క సీట్లో కూర్చున్న అమెరికన్ మిత్రుడికి లేని కాగితం మనవాడికి, తను కొన్న తుపాకీకే, కావాలి.

చివరగా హైదరాబాదు విమానం సంగతి. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది కాబట్టి అమెరికా నుంచి వేట తుపాకీ తెచ్చే ప్రశ్నే రాదు. వచ్చేది సంచీ ప్రశ్న. నవంబరులో వేటకు వాడిన వీపు సంచీనే డిసెంబరులో అమ్మానాన్నల దగ్గరకు వచ్చేటప్పుడు వాడతారు. దాని లోపలి అరలో ఒక తూటా దొర్లుకుంటూ ఉంటుంది. మన ఆయుధ చట్టం లైసెన్సు లేకుండా తూటాను దిగుమతి చేసుకోవడాన్నీ, దగ్గర ఉంచుకోవడాన్నీ నేరంగానే చూస్తుంది. తెలిసి ఉంచుకున్నది కాదని తేలితే ఇలాంటి కేసులను కోర్టులు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఈలోగా సెలవంతా స్టేషను, వకీలు, కోర్టు చుట్టూ తిరగడంలోనే అయిపోతుంది. వేట సంచీని గ్యారేజీలో కొక్కేనికి తగిలించి, ఇంటికి వేరే సంచీతో వచ్చే మిత్రులను నేనెరుగుదును. మొదట్లో వారిని చాదస్తులనుకునేవాణ్ణి.